యల్లాప్రగడ సుబ్బారావుగారూ, పసిపిల్లల లుకేమియా

ఉగాది ఉత్సవాల సంచికకు చరిత్ర మీద ఏదైనా ఒక వ్యాసం వ్రాయమని మిత్రులు అడిగారు. శాతవాహనుల గురించి, కాకతీయుల గురించి, రాయలవారి గురించి మనవారు ఏటేటా వ్రాస్తూనే ఉన్నారు; మాకంటే బాగా వ్రాయగలవారు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. అందుచేత ఈసారి రాజుల జోలికి పోకుండా, ఒక జబ్బు చరిత్రను, దానితో ముడిపడిన ఒక తెలుగువాని చరిత్రను మనవి చేసుకుంటాము. మా తెలుగు సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు. మా తాతగారు విశాఖపట్నం ప్రాంతం నుండి మలయా రబ్బరు తోటకు వెళ్ళి, పగలు లెక్కలు వ్రాసి రాత్రి లాంతరు వెలుగులో కూలీల పిల్లలకు ఓనమాలు దిద్దించినవారు. మా నాన్నగారూ బడిపంతులే, మేమూ బడిపంతులమే. భాషలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

2009లో ఇక్కడ బౌషర్‌లో మేము సైన్సు, లెక్కలు చెప్పుతున్న రోజులలో, మా వీధిలోనే ఉండే ఒక తెలుగు కుటుంబంలోని ఏడేళ్ళ పిల్లవాడు మా ఇంటికి ఎక్కాలు నేర్చుకోవడానికి వచ్చేవాడు. ఆటలో అందరికంటె ముందుండే పిల్లవాడు, మెట్లెక్కి వచ్చి ఆయాసపడడం మొదలుపెట్టాడు. కాళ్ళు నొప్పులన్నాడు. మోకాళ్ళ మీద, చేతుల మీద ఎక్కడా దెబ్బ తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి. తగ్గీ తగ్గని జ్వరం. రక్తపరీక్షలో, ఆ తరువాత ఎముకలోని మూలుగ పరీక్షలో, అది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని తేలింది. ఆ రాత్రి వాళ్ళమ్మ మా గుమ్మంలో నిలబడి ఒకే ఒక మాట అడిగింది: "బ్రతుకుతాడా మాష్టారూ?"

మేము సైన్సు మేష్టరులమే గాని వైద్యులము కాము. ఆ ప్రశ్నకు వైద్యులైనా ఒక్కమాటలో జవాబు చెప్పలేదు. పిల్లవాని వయస్సెంత, తెల్లకణాలు ఎన్ని, అవి ఏ జాతి కణాలు, క్రోమోజోములలో ఏ మార్పు ఉన్నది, వెన్నునీటిలోకి జబ్బు ప్రాకిందా, ఇన్ని ప్రశ్నలు వారే ఎదురు వేశారు. తల్లికి అది మాట దాటవేయడంగా తోచింది. నిజం చెప్పాలంటే మాకూ అలాగే తోచింది. అది దాటవేత కాదనీ, ఆ ఎదురుప్రశ్నల వెనుక ఎంతోమంది వైద్యుల శ్రమ, ఎందరో బిడ్డల ప్రాణాలు ఉన్నాయనీ తరువాత చదువుకుని తెలుసుకున్నాము.

ఈ జబ్బుకు పేరు పెట్టినవాడు జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. తెల్లని రక్తం అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో 1847లో ఆయన ఆ పేరు పెట్టాడు. పేరైతే వచ్చింది గాని, ఆ తరువాత సరిగ్గా నూరేళ్ళ పాటు వైద్యం రాలేదు. ఆ నూరేళ్ళలో ఏ తల్లి మా గుమ్మంలో నిలబడిన తల్లి అడిగినట్లు అడిగినా జవాబు ఒక్కటే. వయస్సు, కణాల సంఖ్య వంటి లెక్కలు అప్పుడు ఎవరికీ అక్కరలేదు. అందరికీ ఫలితం ఒకటే అయినప్పుడు ఒకరికీ మరొకరికీ తేడా ఎందుకు చూడాలి?

ఆ పరిస్థితిని మార్చిన పరిశోధనలో ముఖ్యుడు భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. దేశాంతరాలలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఆయన పేరు చాలామందికి తెలియదు. వారిని అనడమెందుకు, నలభై ఏళ్ళు వచ్చేదాకా మాకే తెలియదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలులో గట్టెక్కినవాడాయన. (మా తరగతిలో తప్పిన పిల్లలకు ఈ సంగతి చాలాసార్లు చెప్పాము, వారి తల్లిదండ్రులకు మరీ ఎక్కువసార్లు చెప్పాము.) మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్నప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహం కలిగి, పూర్తి పట్టం దక్కక ఎల్.ఎమ్.ఎస్. తోనే తృప్తి పడవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులను పొట్టన పెట్టుకున్నది. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు.

1922లో ఆయన బోస్టన్ నగరానికి ప్రయాణమైనప్పుడు చేతిలో ఉన్నది మామగారు సమకూర్చిన సొమ్ము, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయపు హామీ. ఇక్కడ మన పాఠకులు ఒక్క క్షణం ఆగాలని మా కోరిక. ఆ సత్యలింగ నాయకర్‌గారు రంగూన్ వెళ్ళి, అక్కడ వ్యాపారంలో సంపాదించిన ఆస్తిని ధర్మానికి వ్రాసిన మహానుభావుడు. అంటే సముద్రం దాటిన ఒక తెలుగువాని కష్టార్జితం మరొక తెలుగువానిని సముద్రం దాటించడానికి పూనుకున్నది. మన తాతల తరం తెలుగువారు వలసపోయి కూలీలుగానే మిగిలిపోయారని ఎవరైనా అన్నప్పుడు మాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

బోస్టన్‌లో ఆయన ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరు పని చేసుకుంటూ చదివారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఆ తరువాత రెండేళ్ళకు ఏటీపీని వెలికి తీశారు. అంత చేసినా అక్కడ స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలలో చేరారు. 1922లో ఓడ ఎక్కిన మనిషి మళ్ళీ స్వదేశం చూడలేదు.

ఇక ఫోలిక్ ఆమ్లం కథ. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బట్టల మిల్లులలో పని చేసే గర్భవతుల పాండురోగాన్ని పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతున్నదని కనుగొన్నది. ఆ సారంలో ఉన్న గుణమే తరువాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. ఆకుకూరలో ఉన్నందున, ఆకు అనే లాటిన్ మాట నుండి 1941లో ఆ పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారు చేసిన ఘనత సుబ్బారావుగారి బృందానిది. అది 1945 నాటి మాట. ఆయన సోదరులను తీసుకుపోయిన స్ప్రూకు ఆ ఫోలిక్ ఆమ్లం చక్కగా పని చేస్తుందని తరువాత తెలిసింది. మందు దొరికేసరికి ఇంట్లో రోగి లేడు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రోగకణాలను పరిశీలించే వైద్యుడు సిడ్నీ ఫార్బర్, పాండురోగానికి మంచి చేసిన ఈ పదార్థం లుకేమియాకు కూడా మంచి చేస్తుందేమోనని పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులిచ్చి చూశాడు. ఫలితం తలక్రిందులైంది. జబ్బు తగ్గకపోగా ఉరకలు వేసింది. ఆ పిల్లల విషయం తలచుకుంటే ఇప్పటికీ మనస్సు కలుక్కుమంటుంది. కాని ఆ ఓటమిలోనే కీలకం దొరికింది. ఈ విటమిను దొరికితే రోగకణం పెరుగుతున్నదంటే, దానికి ఈ విటమిను అందకుండా చేస్తే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన, కాని దాని పని చేయని పదార్థాలను తయారు చేసి పంపింది. తాళంలో దూరుతుంది గాని తిరగదు, పైగా అసలు తాళపుచెవిని కూడా దూరనివ్వదు. అటువంటి దొంగ తాళపుచెవి అన్నమాట. అందులో అమినోప్టెరిన్ అనే మందును 1947 చివరలో ఒక చిన్న పిల్లవానికి ఇచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి గుణం కనిపించిందని ఉన్నది. మంచం దిగని పిల్లలు లేచి ఆడుకున్నారు. కొన్ని వారాలు, కొన్ని నెలలు మాత్రమే. వ్యాసం పేరులోనే అది తాత్కాలికమని ఆయన వ్రాసుకున్నాడు. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావుగారు తమ 53వ ఏట నిద్రలో కన్నుమూశారు. తన మందు పది మందికి కొన్నాళ్ళ ప్రాణం పోసిందని చూశారు గాని, అది జబ్బును జయిస్తుందని చూడలేదు.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ కూడా లెడర్లేలో పుట్టినదే. మన ఇళ్ళలో కీళ్ళవాతానికి పెద్దవాళ్ళు వారానికొక్కసారి వేసుకునే చిన్న పసుపు మాత్ర అదే. దానికి 1953లో మెర్కాప్టోప్యూరిన్, 1960లలో విన్‌క్రిస్టిన్ తోడు వచ్చాయి. ఈ విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండి తీసినది. ఒక్కొక్క మందు ఇస్తే కొన్నాళ్ళే పని చేస్తున్నది కదా, అన్నీ కలిపి ఇచ్చి చూద్దామని అమెరికాలో ఫ్రే, ఫ్రైరైక్ అనే వైద్యులు సాహసించారు. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. రక్తం శుభ్రపడిన పిల్లలలో జబ్బు మెదడు పొరలలో దాక్కుని, అక్కడి నుండి తిరిగి వస్తున్నది. మందులు అక్కడికి చేరడం లేదు. మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డోనాల్డ్ పింకెల్ మెదడుకు కూడా ముందుగానే చికిత్స చేసే పద్ధతి పెట్టి, 1960ల చివరలో మొదలైన విడతలో సగం మంది పిల్లలను శాశ్వతంగా నిలబెట్టాడు. తరువాత కాలంలో మెదడుకు ఇచ్చే కిరణ చికిత్సను చాలావరకు మాని, వెన్నులోకి సూది ద్వారా మందు ఇవ్వడం వచ్చింది. ఆ మందు మళ్ళీ మెథోట్రెక్సేటే.

సగం మంది నిలిచి, సగం మంది పోయినప్పుడే అసలు ప్రశ్న పుట్టింది: ఏ సగం? ఫలితాన్ని ముందుగా సూచించే అంశాలను వెదకడం అప్పుడే జోరందుకున్నది. ఏడాది నిండి పదేళ్ళ లోపు పిల్లలకు ఫలితం బాగున్నది; ఏడాది నిండని పసికందులకు చాలా కష్టంగా ఉన్నది; పదేళ్ళు దాటినవారికి మరికొంత గట్టి చికిత్స కావలసి వస్తున్నది. మొదటి రోజున తెల్లకణాలు మైక్రోలీటరుకు 50,000 లోపు ఉంటే మేలు. ఈ రెండు లెక్కలనే అమెరికా పరిశోధకులు ఉమ్మడి కొలమానంగా 1996లో ప్రకటించారు. మా పిల్లవానికి ఏడేళ్ళు, కణాలు 50,000 కంటె తక్కువ. వైద్యులు ఆ మొదటి రోజున కొంచెం తేలికగా ఊపిరి పీల్చుకున్నది అందుకేనని మాకు తరువాత అర్థమైంది.

క్రోమోజోముల సంగతి ఇంకా విచిత్రమైనది. రోగకణంలో క్రోమోజోములు 50 దాటితే మంచిది, 44 కంటె తక్కువైతే చెడ్డది. 12, 21 క్రోమోజోముల ముక్కలు ఒకదానికొకటి మారిపోతే మంచి సూచన. 9, 22 మారిపోతే (ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు) ఒకప్పుడు అతి చెడ్డ సూచన. 'ఒకప్పుడు' అన్నామే, ఆ మాట గమనించాలి. 2001లో ఇమాటినిబ్ అనే మందు వచ్చి, దానిని మిగిలిన మందులకు చేర్చిన తరువాత ఆ పిల్లల పరిస్థితి ఎంతో మెరుగుపడింది. క్రోమోజోము మారలేదు, దాని అర్థం మారింది. మా మట్టుకు మాకు ఈ చరిత్ర అంతటిలో ఇంతకంటె గొప్ప సంగతి మరొకటి లేదు. మనవాళ్ళు తలరాత అంటారు. ఇక్కడ వ్రాత అలాగే ఉన్నది, చదివే తీరు మారిపోయింది.

అన్నింటికంటె బలమైన సూచన ఏమిటంటే, మొదటి నెల చికిత్సకు జబ్బు ఎలా లొంగింది అన్నది. లెక్కల మేష్టరులము కనుక ఈ లెక్క మాకు బాగా పట్టింది. జబ్బు తెలిసిన నాడు ఒంట్లో సుమారు లక్ష కోట్ల రోగకణాలు ఉంటాయి. నెల తిరిగేసరికి సూక్ష్మదర్శినిలో చూస్తే జబ్బు కనిపించదు. కాని కనిపించని ఆ స్థితిలో కూడా వెయ్యి కోట్ల దాకా కణాలు మిగిలి ఉండవచ్చు. పదివేల కణాలలో ఒక్క రోగకణం దాగి ఉన్నా పట్టుకునే పరీక్షలు తరువాత వచ్చాయి. ఆ పరీక్షలో ఏమీ దొరకకపోతే ఆశ ఎక్కువ, దొరికితే చికిత్స పెంచుతారు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా పిల్లవాని తల్లి వానిని తీసుకుని హైదరాబాదు వెళ్ళి అక్కడ చికిత్స చేయిస్తున్నది. తండ్రి ఉద్యోగం వదలలేక బౌషర్‌లోనే ఉండిపోయాడు. నెల తరువాత జబ్బు కనిపించడం లేదని కబురు వచ్చింది. తండ్రి మా ఇంటికి మిఠాయి తెచ్చి, "ఇక తీసుకొచ్చేయమంటారా సార్, బడి కూడా పోతున్నది కదా" అన్నాడు. "జబ్బు పోయిందన్నారుగా, తీసుకురండి" అని మేమన్నాము. చదువుకున్నవారము, సైన్సు చెప్పేవారము, ఆ మాట అన్నాము. హైదరాబాదులోని వైద్యురాలు ఆ తండ్రికి ఫోనులో పైన చెప్పిన వెయ్యి కోట్ల లెక్క చెప్పి, ఇంకా మూడేళ్ళ దాకా మందులున్నాయనీ, ఇప్పుడు ఆపితే మొదటికి వస్తుందనీ గట్టిగా చెప్పకపోయి ఉంటే మా సలహా ఏం చేసి ఉండేదో తలచుకోవడానికే భయం.

ఇది మా ఒక్కరి అజ్ఞానం కాదు. మన దేశంలో పిల్లలు ఈ జబ్బుతో పోవడానికి చికిత్స మధ్యలో మానివేయడం ఒక పెద్ద కారణమని వైద్యులు ఎప్పటి నుండో మొత్తుకుంటున్నారు. పిల్లవాడు బాగున్నట్లు కనిపిస్తాడు, చేతిలో డబ్బు అయిపోతుంది, ఊరు దూరం, ఇంట్లో మరొక బిడ్డ ఉంటుంది, ఎవరో పసరు మందు చెబుతారు. 1984 ప్రాంతం నుండి బొంబాయి టాటా ఆసుపత్రి, మద్రాసు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ ఎయిమ్స్ మన పరిస్థితులకు తగిన ఒకే చికిత్సా పద్ధతిని అనుసరించి ఫలితాలను ఎంతో మెరుగుపరిచాయి. అక్కడ తేలిన మరొక సంగతి, పాశ్చాత్య దేశాల కంటె మన పిల్లలలో కష్టతరమైన టి-రకం ఎక్కువ అని. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చి, బీద కుటుంబాలకు క్యాన్సర్ చికిత్స ఖర్చు భారం కొంత తగ్గింది. బిడ్డ తల్లిదండ్రుల చేతిలోని డబ్బు కూడా క్రోమోజోము వంటి అంశమే. ఆ మాట వైద్యగ్రంథాలు కొంచెం సున్నితంగా చెబుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, అన్ని రకాల పిల్లల క్యాన్సర్లను కలిపి చూస్తే సంపన్న దేశాలలో నూటికి 80 మందికి పైగా నయమవుతుంటే, బీద దేశాలలో 30 మందికి కూడా కావడం లేదు.

1970 నాటికి ఒమన్ దేశమంతటా మూడే బడులుండేవి. వేడినీటి ఊటలు, ఖర్జూరపు తోటలు ఉన్న పాత బౌషర్ విలాయత్‌లోనే 1987లో రాయల్ హాస్పిటల్, 2004లో అక్కడే జాతీయ క్యాన్సర్ కేంద్రం వెలిశాయి. సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు ఆ దీపాలు చూస్తే, లోపల ఏదో ఒక మంచం ప్రక్కన భీమవరం మనిషి మందు చుక్కచుక్కగా దిగుతూ ఉంటుందని అనుకుంటాము. ఆ పిల్లలకు గాని, నర్సులకు గాని ఆ పేరు తెలియనక్కర లేదు.

మూలుగ శుభ్రపడిన తరువాత రెండేళ్ళకు పైగా ఇంట్లో మాత్రలు వేసే భాగం ఉంటుంది. మెర్కాప్టోప్యూరిన్ ప్రతిరోజూ, మెథోట్రెక్సేట్ వారానికొకసారి. ఆ మాత్రలు నూటికి 95 వంతుల కంటె తక్కువ వేసుకున్న పిల్లలలో జబ్బు తిరగబెట్టడం బాగా పెరిగిందని అమెరికాలో స్మితా భాటియాగారి బృందం 2012లో తేల్చింది. అంటే నెలకు రెండు రోజులు మరచిపోయినా లెక్క తప్పినట్లే. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. ఆసియా జాతుల పిల్లలలో కొందరికి నడ్‌టి15 అనే జన్యువులో తేడా వల్ల మామూలు మోతాదు కూడా ఎక్కువై రక్తకణాలు పడిపోతాయి. అటువంటివారికి వైద్యులే మోతాదు తగ్గిస్తారు. మనంతట మనం తగ్గించడం వేరు, వారు తగ్గించడం వేరు. కొత్త మందులు వస్తూనే ఉన్నాయి. మధ్యస్థపు గండం ఉన్న పిల్లలకు పాత చికిత్సకు తోడు బ్లినాటుమొమాబ్ ఇస్తే మూడేళ్ళ పాటు జబ్బు తిరగకుండా ఉన్నవారు నూటికి 88 నుండి 96కు పెరిగారని 2024 డిసెంబరులో ప్రకటించారు. కాని ఇంట్లో వేసే ఆ చిన్న మాత్రలకు మాత్రం ఇంతవరకు సెలవు రాలేదు.

మాత్రల దశ మొదలైన కొన్ని నెలలకు ఆ తల్లి పిల్లవానితో బౌషర్‌కు తిరిగి వచ్చింది. వారి వంటింట్లో తెలుగు క్యాలెండరు వ్రేలాడేది. తిథి, వర్జ్యం వ్రాసి ఉన్న గడిలోనే ఆమె ప్రతిరాత్రి మాత్ర వేసిన తరువాత ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసేది. గురువారం రాత్రి పసుపు మాత్రలకు రెండు గీతలు. పండుగ నాడైనా, ప్రయాణంలోనైనా ఆ గీత తప్పలేదు. రాత్రి మేము ఎక్కాలు చెప్పి లేచేసరికి ఆమె మంచినీళ్ళ గ్లాసుతో గదిలోకి వచ్చేది, వాడు ముఖం చిట్లించి మింగేవాడు. 2012లో చివరి గీత గీశారు. ఇప్పుడు వాడు మాకంటె పొడగరి, ఇంజినీరుగా పని చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వాళ్ళింటికి వెళితే, బీరువా పైన ఆ క్యాలెండర్లు చుట్ట చుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. పారవేయరాదా అమ్మా అంటే, "ఉండనివ్వండి మాష్టారూ" అన్నది.